దారుశిల్పమును ప్రేమించిన సాలార్జంగు నవాబు



ప్రతి సంవత్సరమును మహాసభా సమయమున ప్రకటింపబడు ఈ సంచికయందు మన విశ్వబ్రాహ్మణ కులమున జన్మించి, శిల్పమునందో విద్యయందో దైవభక్తియందో పేరుగాంచిన పెద్దల చరిత్రములను ముద్రించుట మన యాచారమైయున్నది. ఈ యేట మేము ఆ యాచారమును ఒకింత దాటి, మన కులమువాడుగాని, మన మతమువాడుగాని, చేత ఉలి పట్టినవాడుగాని కాని యొక మహాపురుషుని చరిత్రమును వ్రాయ సాహసించితిమి. ఆయన నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్‌గారు. లోకము ఆయనను మూడవ సాలార్జంగు అని యెరుగును. కొయ్యను చెక్కువారి చరిత్రమున చెక్కనివాని ప్రసంగమేల యని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నింపవచ్చును. చెక్కిన బొమ్మ మన చేయి విడిచిన పిమ్మట దానిగతి యేమగునో తెలిసికొనవలెనన్న, దానిని కొని దాచిన వాని జీవితమును చదువుట యొక్కటే మార్గము. ఈ కారణముననే మేము ఈ చరిత్రము నెన్నుకొంటిమి.

మఱియొక కారణముకూడ కలదు. మాదాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములందు నేడు మన కులమునకు చెందిన యువకులు, యువతులు పెక్కుమంది గణకయంత్రముల కార్యాలయములలో ఉద్యోగములు చేయుచున్నారు. 1998వ సంవత్సరము నవంబరు మాసమున సైబర్ టవర్సు అను వర్తులాకార భవనము ప్రారంభింపబడిన నాటినుండి ఆ ప్రదేశమున మేడలు మేడలుగా నగరము పెరిగినది. వీరిలో కొందరు సెలవుదినములందు చిన్న చాకును, జానెడు మెత్తని కొయ్యముక్కను చేతబట్టి పిచ్చుకను, ఏనుగును, నందిని, తాత మొగమును చెక్కుచున్నారని మేము కన్నులార చూచితిమి. తండ్రి విడిచిన ఉలిని కొడుకు వినోదార్థమై మరల పట్టుచున్నాడు. అయినను ఇంటి పెద్దలు, ఈ పనివలన ప్రయోజనమేమి, కులవృత్తిని విడిచి చదువుకొన్నవాడు మరల కొయ్యపొట్టులో కూర్చుండుట యెందుకు అని వారిని మందలించుచున్నారు. ఈ చరిత్రము ఆ పెద్దలకును ఆ యువకులకును కూడ ఉపయోగపడునని మా విశ్వాసము.

సాలార్జంగు వంశము హైదరాబాదు రాజ్యమున మిక్కిలి ప్రసిద్ధమైనది. మూడవ సాలార్జంగుగారి పితామహులు మీర్ తురాబ్ అలీఖాన్‌గారు 1853వ సంవత్సరమున ఇరువదినాలుగేండ్ల ప్రాయమున దివాను పదవి నలంకరించి, 1883వ సంవత్సరమున తాము మరణించువరకు ముప్పదియేండ్లపాటు రాజ్యభారమును వహించిరి. అప్పులలో మునిగియున్న రాజ్యమును ఒడ్డునకు చేర్చినవారు వారేయని చరిత్రకారులు ప్రశంసింతురు. కళావస్తువులపై మక్కువ ఈ వంశమున వారితోనే ప్రస్ఫుటమైనది. 1876వ సంవత్సరమున వారు ఐరోపాయాత్ర చేసినపుడు రోము నగరమున బెంజోని యను శిల్పి చెక్కిన, ముసుగు ధరించిన రెబెకా యను చలువరాతి ప్రతిమను కొనిరి. రాతిలో చెక్కిన ముసుగు పలుచని వస్త్రమువలె మొగముపై జారియుండ, దాని వెనుక స్త్రీముఖము కానవచ్చు ఆ ప్రతిమను నేటికిని ప్రజలు తండోపతండములుగా వచ్చి చూచుచున్నారు. ఈ ప్రతిమను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మాకు ముందు పని కలదు.

రెండవ సాలార్జంగు మీర్ లాయిఖ్ అలీఖాన్‌గారు 1884 మొదలు 1887 వరకు దివానుగా నుండిరి. వారి కుమారుడే మన చరిత్రనాయకుడు. 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనా నగరమున ఈ శిశువు జన్మించెను. బిడ్డకు నెలయైనను నిండకముందే, జూలై మాసమున, తండ్రి పరలోకగతులైరి. తండ్రి మొగమెరుగని ఆ పసివానికి గొప్ప పేరును, విశాలమైన జాగీరును, తాతగారు సమకూర్చిన కళావస్తువులును మిగిలినవి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభువు ఆ బాలుని పెంపకమునందు శ్రద్ధ వహించిరి. మదరసా-ఎ-ఆలియాయందు విద్యాభ్యాసము జరిగెను. దివాను దేవిడీ యను వంశగృహమున, తాత తెచ్చిన ప్రతిమల నడుమ, చిత్రపటముల నడుమ ఆ బాలుడు పెరిగెను. తండ్రి లేని బాలునకు ఆ వస్తువులే తనవారిని గూర్చి చెప్పు పెద్దలైనవని మేము తలంచుచున్నాము. చేతివస్తువు మరణించినవారిని మనకు దగ్గర చేయునను సత్యమును మన కులమువారికి ఎవరును బోధింప నక్కరలేదు. తాతగారి బాడిస పిడిని పట్టుకొన్న మనుమనికి ఆ పిడియందు తాత అరచేతి గుంట తగులుట మనయందరి ఇండ్లలోను అనుభవమే.

1911వ సంవత్సరమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు సింహాసన మధిష్ఠించిరి. మరుసటి సంవత్సరమున మహారాజా కిషన్ పర్షాదుగారి యనంతరము సాలార్జంగుగారు దివానుగా నియమింపబడిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు. తాతగారు ఆ పదవి చేపట్టిన వయస్సుకంటె ఒక యేడు తక్కువ. కాని తాతగారి కాలము వేరు, మనుమని కాలము వేరు. ప్రభువు స్వయముగా పరిపాలన సాగింపగోరిన దినములవి. రెండున్నర సంవత్సరములైనను గడవకముందే, 1914వ సంవత్సరము నవంబరు మాసమున సాలార్జంగుగారు పదవిని విడిచిరి. ఆ తరువాత ప్రభువు దివాను లేకయే కొన్నేండ్లు రాజ్యము నేలిరి.

ఇరువదియైదేండ్ల యువకుడు, మహాధనికుడు, పదవి పోయినవాడు. ఇట్టి స్థితిలో అనేకులు వ్యసనములపాలై నశించుట లోకమున చూచుచున్నాము. సాలార్జంగుగారు అట్లు చేయలేదు. ఆయన వివాహమాడలేదు. తరువాతి ముప్పదియైదు సంవత్సరములును, తన జాగీరు రాబడిలో గొప్పభాగమును పుస్తకములను, వ్రాతప్రతులను, చిత్రములను, దంతపు పనిని, కొయ్యపనిని, పింగాణిని, ఆయుధములను, గడియారములను కొనుటయందే వినియోగించిరి. ఐరోపాలోను పశ్చిమాసియాలోను సంచరించి తాము కొనిరి. విదేశములందు ప్రతినిధుల నేర్పరచి కొనిపించిరి. వస్తువులు అమ్మువారు దేశదేశములనుండి దివాను దేవిడీకి వచ్చుచుండిరి. కవులును పండితులును అచట ఆదరింపబడుచుండిరి. నేడు ఆయన పేరిటి వస్తుప్రదర్శనశాలలో నున్న కళావస్తువులు నలువది వేలకు మించియున్నవి. ఇవిగాక వ్రాతప్రతులును, అచ్చు పుస్తకములును వేలకొలది గలవు.

ఇంతటి సంగ్రహమున చిన్నవస్తువునకు కూడ చోటు దొరకుట మేము ప్రత్యేకముగా గమనింపదగిన విషయము. రాజులు పెద్దవాటిని కొనుట వింత కాదు. ఈయన బిడ్డలాడుకొను బొమ్మలను, సీసపు సిపాయిల దండును కూడ విడువలేదు. బీదరు పనివారి వెండిపొదుగుల గిన్నె మొదలు చీనాదేశపు కొయ్యపని వరకు ఆయనకు తక్కువయైనది లేదు. అరచేతిలో నిముడు వస్తువును, ఏనుగుపై తేవలసిన వస్తువును ఒకే కన్నుతో చూచిన పోషకుడు అరుదు. చిన్నబొమ్మ చెక్కువాడు ఎప్పుడును పెద్దవిగ్రహము చెక్కువాని నీడలో నుండును. వానికి ఇట్టి కన్నుగల కొనుగోలుదారు దొరకుట అదృష్టము.

ఆ ప్రదర్శనశాలలో కొయ్యపనివాడు తప్పక చూడవలసిన వస్తువులు రెండు గలవు. మొదటిది రెండు మొగముల కొయ్యప్రతిమ. సికమోర్ అను వృక్షపు మొద్దు నొక్కదానినే తీసికొని, పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున దానిని చెక్కిరి. జర్మను మహాకవి గెటే రచించిన ఫౌస్టు నాటకమందలి పాత్రలు రెండు అందు గలవు. ముందువైపున మెఫిస్టోఫిలిసు అను పిశాచము గర్వముతో రొమ్ము విరుచుకొని నిలిచియుండును. వెనుకవైపున మార్గరెట్టా యను ముగ్ధ తలవంచి, ప్రార్థనపుస్తకము చేతబట్టి నిలిచియుండును. వెనుకనొక అద్దము నిలుపబడియున్నందున చూపరికి రెండు రూపములును ఒకేసారి కానవచ్చును. వీనిలో చమత్కారమును అందరును మెచ్చుకొందురు. ఉలి పట్టినవాడు మాత్రము వేరొక దానిని మెచ్చుకొనును. ఒక మొగము కొరకు లోతుగా త్రవ్విన చోట రెండవ రూపమునకు కొయ్య చాలకపోవచ్చును. ఒకవైపు భుజము వెడల్పు మఱియొకవైపు భుజమును శాసించును. మొద్దుయొక్క ఈనె ఒకటే, రూపములు రెండు. ఒక్క దెబ్బ తప్పినచో రెండును చెడును. ఈ లెక్కను మనస్సులో నుంచుకొని పని ముగించినవాని ఓర్పును గ్రహింపగలవారు మనవారే.

రెండవది సంగీతపు గడియారము. ఇంగ్లాండు పనితనమైన దీనిని కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వర్తకులనుండి సాలార్జంగుగారు కొనిరి. గంట పూర్తియగుటకు మూడు నిమిషములు ముందుగా గడ్డముగల చిన్న బొమ్మ యొకటి తలుపు తెరచుకొని బయటకు వచ్చి, గంట కొట్టి మరల లోనికి పోవును. మఱియొకవైపున కమ్మరి బొమ్మ క్షణక్షణమునకు సమ్మెటతో దాగలిపై కొట్టుచుండును. గంట సమీపించినపుడు పిల్లలు, పెద్దలు వందలకొలదిగా దానిముందు కూర్చుండి యెదురుచూచుట మేము పలుమారులు చూచితిమి. పంచశిల్పములలో మనుబ్రహ్మ శిల్పమైన కమ్మరము దూరదేశపు గడియారములో చేరి మన నగరమున నిత్యము పూజ నందుకొనుచున్నదని మేము సంతోషించితిమి. అంతమంది జనులు చూచుచున్నది వ్రేలెడు బొమ్మను మాత్రమే. చిన్నబొమ్మకు శక్తి లేదనువారు గంట కొట్టువేళకు అచటికి పోయి చూడవలెను.

ఇప్పుడు మేము ముందు చెప్పిన రెబెకా ప్రతిమను పాఠకులు మరల స్మరింపవలెను. ఆ చలువరాతి ప్రతిమను చేసినవాడు బెంజోని యని బాలురకు కూడ తెలియును. దానిని కొన్న తాతగారి పేరు తెలియును. కొన్న సంవత్సరము తెలియును. రెండు మొగముల కొయ్యప్రతిమను కొన్నవాని పేరు లోకవిఖ్యాతము. చేసినవాని పేరు మాత్రము లేదు. కథ వ్రాసిన కవి పేరున్నది, చెట్టు పేరున్నది, దేశము పేరున్నది. రెండు మొగములు చెక్కినవాని మొగము మాత్రము చీకటిలో కలిసిపోయినది. ఇందుకు సాలార్జంగుగారిని నిందించుట న్యాయము కాదు. ఆయన వస్తువును కాపాడెను. పేరును కాపాడుకొనుట చేసినవాని విధి. ఆ విధిని కొయ్యపనివాడు ఏ దేశమునందును చక్కగా నెరవేర్చలేదని ఈ ప్రతిమ మనకు సాక్ష్యమిచ్చుచున్నది.

ఏ దేశమునందును అనుట కూడ పూర్తిగా సరికాదు. జపానువారి సంగతి చూడుడు. వారి అంగీకి జేబు లేనందున చిన్న సంచిని త్రాటితో నడికట్టునుండి వ్రేలాడదీయుదురు. త్రాడు జారిపోకుండ పైన నొక చిన్న బిళ్ల నుంచుదురు. దానికి నెట్సుకె యని పేరు. గట్టికొయ్యతోను దంతముతోను చేయబడిన ఆ బిళ్లను ఎలుకగా, కుక్కగా, ముసలివానిగా, నిద్రించు పిల్లవానిగా చెక్కుట అచట గొప్ప కళగా పెరిగినది. 1868వ సంవత్సరము తరువాత ఐరోపావారి దుస్తులు జపానులో వ్యాపించుటతో జేబులు వచ్చినవి, బిళ్లకు పని పోయినది. కాని ఆ కళ నశింపలేదు. ఐరోపా, అమెరికా దేశములనుండి వచ్చిన సంగ్రాహకులు వానిని ఏరి ఏరి కొనిరి. శిల్పులు వాడుక కొరకు కాక సంగ్రాహకుల కొరకు చెక్కసాగిరి. ఆ బిళ్లలలో పెక్కింటి యడుగున శిల్పి తన పేరును చెక్కియుండెను. వ్రేలెడు కొయ్యపై గోరంత చోటున పేరు వ్రాసినవాడు రెండు మూడు శతాబ్దములు జీవించినాడు. నిలువెత్తు ప్రతిమ చెక్కి పేరు వ్రాయనివాడు జీవింపలేదు.

మన తెలుగుదేశమున చెక్కబొమ్మలకు కొరత లేదు. కొండపల్లిలో ఆర్యక్షత్రియ సోదరులు తెల్లపొణికి కొయ్యను సెగపై ఆరబెట్టి తేమ పోగొట్టి, తల, మొండెము, చేతులు వేరువేరుగ చెక్కి, చింతగింజల పొడితోను రంపపు పొట్టుతోను చేసిన మక్కుతో అతికి, సున్నము పూసి, మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. అంబారి యేనుగు, దశావతారములు, తాడిచెట్టు నెక్కు గీతకాడు వారి చేతులలో జీవము పోసికొనును. నిర్మలలో నకాషీవారు పొణికి కొయ్యతోనే పండ్లను పక్షులను చేయుదురు. ఏటికొప్పాకలో వరాహనది యొడ్డున అంకుడు కొయ్యను తరిణెపట్టి లక్కరంగులు దిద్దుదురు. శ్రీకాళహస్తి సమీపమందలి మాధవమాలలో దేవతాప్రతిమలు చెక్కుదురు. ఈ బొమ్మలకును జపాను బిళ్లకు పట్టిన గతియే పట్టినది. సంక్రాంతి బొమ్మలకొలువు తగ్గినది. పిల్లల చేతికి ప్లాస్టిక్ ఆటవస్తువు వచ్చినది. పొణికి చెట్లు అరుదైపోయినవి. వాడుక తగ్గినచోట సంగ్రాహకుడే దిక్కు. అయినను కొండపల్లి బొమ్మ కొన్నవాడు కొండపల్లి పేరు చెప్పును గాని, చెక్కినవాని పేరు చెప్పడు. ఏలయన బొమ్మ యడుగున పేరుండదు.

మా యింటి సంగతి యొకటి ఇచట చెప్పుకొనుటకు పాఠకులు అనుమతింతురు గాక. మా పూజామందిరమున బొటనవ్రేలెడు వేపకొయ్య నంది యొకటి గలదు. మెడలోని గంటలు ఏడు, ఒక్కొక్కటి ఆవగింజంత. దానిని మా తాతగారు చేసిరని మా తండ్రిగారు చెప్పుచుండిరి. కాదు, తాతగారి తమ్ములు చేసిరని మా మేనత్తగారు చెప్పుచుండిరి. ఇరువురును గతించిరి. పండుగనాడు ఆ నందిని చేతిలోనికి తీసికొన్నపుడెల్ల ఎవరికి నమస్కరింపవలెనో తెలియక మేము ఇరువురికిని నమస్కరించుచున్నాము. రెండక్షరములు చెక్కుటకు అరనిమిషము పట్టియుండదు. ఆ అరనిమిషము వెచ్చింపనందున ఒక మనుష్యుడు తన యింటిలోనే పరాయివాడైపోయెను. నవాబుగారి మేడలోని ప్రతిమకును మా పూజామందిరమందలి నందికిని కలిగిన లోపము ఒక్కటే.

చరిత్రమునకు మరలుదము. సాలార్జంగుగారిని పొగడుటలో మేము సత్యమును మరుగుపరచగోరము. ఆయన కొన్నదంతయు మేలిరకము కాదు. మూలవస్తువులతోపాటు అనుకరణలును, గొప్పవానితోపాటు సామాన్యములును ఆ సంగ్రహమున కలవని కళాపండితులు చెప్పుదురు. మఱియు ఆ ధనము ఆకాశమునుండి రాలలేదు. జాగీరు గ్రామములలోని రైతులు చెల్లించిన శిస్తే అది. ఆ రైతుల నాగళ్లను, బండ్లను చేసిన వడ్రంగులు మనవారే యయియుందురు. ఆ ధనముతో మంచివస్తువులు కొని దాచుటవలన రైతుల ఋణము తీరినదని మేము చెప్పజాలము. అవి చివరకు ఒక వంశమునకు కాక ప్రజలకు చెందుటవలన ఆ ఋణములో కొంతభాగమైనను తీరినదని మాత్రము చెప్పగలము.

అట్లు ప్రజలకు చెందుట సులభముగా జరుగలేదు. 1948వ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరినది. 1949వ సంవత్సరము మార్చి 2వ తేదీన సాలార్జంగుగారు తమ యరువదవ యేట కాలధర్మము నొందిరి. భార్య లేదు, సంతానము లేదు. అదే సంవత్సరము ఆగస్టులో జాగీరులు రద్దయినవి. ముప్పదియైదేండ్లు కూర్చిన సంపద గదులనిండ పడియున్నది. దానిని ప్రేమించినవాడు లేడు. వారసులు పలువురు. ఇట్టి స్థలమున వేలము పాటవాని సుత్తి శబ్దము వినబడుట లోకరీతి. ఆ సుత్తి మూడుమార్లు పడియుండినచో నలువది వేల వస్తువులు నలువది వేల యిండ్లకు చెదరిపోయియుండును. రెండు మొగముల ప్రతిమ ఏ దేశమున ఏ ధనికుని మేడలో నుండునో మనకు తెలియకపోయెడిది.

అట్లు జరుగకుండుటకు ముఖ్యాధికారియైన వెల్లోడిగారు మొదలగు ప్రభుత్వపు పెద్దలు కారకులైరి. వస్తువులను ఒకచోట క్రమముగా నమర్చు పని జేమ్స్ కజిన్స్‌గారి కప్పగింపబడెను. ఆయన ఐర్లాండు దేశపు కవి, కళావిమర్శకుడు. మన రాయలసీమయందలి మదనపల్లె కళాశాలలో బోధించి తెలుగువారికి చిరపరిచితుడైనవాడు. 1951వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు దివాను దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. 1958వ సంవత్సరమున న్యాయస్థానము సమక్షమున కుదిరిన రాజీప్రకారము వారసులు ఆ సంగ్రహమును ప్రభుత్వమునకు ధారవోసిరి. 1961వ సంవత్సరమున పార్లమెంటు చట్టముచేత అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968వ సంవత్సరమున మూసీనది దక్షిణపు టొడ్డున నూతనభవనమున ప్రవేశించెను. దివాను దేవిడీలో అధికభాగము నేడు లేదు. గృహము పోయినది, జాగీరు పోయినది, వంశపదవి పోయినది. చేతిపని మాత్రము నిలిచినది. దానితోపాటు దానిని ప్రేమించినవాని పేరును నిలిచినది.

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? మేము నాలుగు సంగతులను విన్నవించుచున్నాము.

మొదటిది. వినోదార్థము చెక్కుట వ్యర్థము కాదు. నవాబుగారికి సంగ్రహము జీవనోపాధి కాదు, ప్రీతి. ప్రీతితో చేసిన పనియే ఆయనను బ్రతికించినది; రెండేండ్ల దివానుగిరి కాదు. కార్యాలయమున దినమంతయు తెరను చూచు మన బిడ్డ సాయంకాలమున పిచ్చుకను చెక్కుచున్నచో, వాడు కులవృత్తికి దిగజారుట లేదు, కులవిద్యకు ఎక్కుచున్నాడు. పొణికి దొరకనిచో వేప యున్నది. చాకును పదునుగా నుంచుకొనవలెను. మొద్దు చాకే చేతిని కోయును. ఈనెకు ఎదురుగా చెక్కరాదు. ఎడమచేతికి తోలుతొడుగు వేసికొనుట సిగ్గుపడదగిన పని కాదు. ఇంట పెద్దలున్నచో వారిచెంత కూర్చుండి నేర్వవలెను. మాదాపురమున 1992వ సంవత్సరమున నెలకొల్పబడిన శిల్పారామము ఆ కార్యాలయముల ముంగిటనే యున్నది. పలుప్రాంతముల పనివారు అచటికి వచ్చి తమ వస్తువులను అమ్ముదురు. కొనుటకు మాత్రమే కాక, కూర్చుండి చూచుటకు, అడిగి తెలిసికొనుటకు కూడ అచటికి పోవలెను.

రెండవది. పేరు చెక్కవలెను. బొమ్మ ఎంత చిన్నదైనను అడుగున చేసినవాని పేరు, ఊరు, సంవత్సరము ఉండవలెను. పేరు వ్రాయుట అహంకారమని మన పూర్వులు భావించియుండిరి. దేవాలయ శిల్పమునకు ఆ వినయము తగును. అంగడికి పోవు బొమ్మకు ఆ వినయము తగదు. అడుగున పేరు లేని బొమ్మకు మధ్యవర్తి తనకు తోచిన ధరను, తనకు తోచిన ఊరును అంటగట్టును.

మూడవది. మనలోని ధనవంతులు సంగ్రాహకులు కావలెను. నవాబుగారివలె జాగీరులు అక్కరలేదు. ఏటికొక బొమ్మ కొని, ఎవరు చేసిరో, ఏ కొయ్యతో చేసిరో, ఎంత ధర యిచ్చితిమో ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో చాలును. పెండ్లికి వచ్చినవారికి బహూకరించు యంత్రపు వస్తువులకు మారుగా పనివాని చేతిబొమ్మ నిచ్చినచో ఒక కుటుంబము నెలదినములు బ్రతుకును. బేరమాడువారు ఒక్క విషయము తలంపవలెను. పనివాడు వస్తువునకు వెల చెప్పుచున్నాడు గాని తాను గడపిన దినములకు వెల చెప్పుటలేదు.

నాలుగవది. దాచినదానిని చెదరనీయరాదు. సాలార్జంగుగారు మరణించుటకు ముందు తన సంగ్రహమును స్థిరమైన యొక సంస్థచేతిలో పెట్టియుండినచో తరువాతి పదేండ్ల సందిగ్ధము లేకపోయెడిది. మన యిండ్లలో తాతల పనిముట్లు, నమూనా బొమ్మలు, కొలతల పుస్తకములు అటకలమీద చెదలపాలగుచున్నవి. ఇల్లు మారినపుడు పాతసామానుల వానికి తూకమునకు పోవుచున్నవి. ఈ మహాసభవారు ఒక గదిని, రెండు బీరువాలను, ఒక నమోదు పుస్తకమును ఏర్పరచి వానిని స్వీకరింపవలెనని మేము వినయపూర్వకముగ కోరుచున్నాము. ఆ గదికి మొదటి కానుకగా మా వేపకొయ్య నందిని సమర్పింప సిద్ధముగ నున్నాము. దానితోపాటు దానిని చేసినవారు ఇరువురు అన్నదమ్ములలో ఒకరని, ఎవరో నిశ్చయముగ తెలియదని, ఒక చీటి వ్రాసి పెట్టుదుము. తరువాతి తరమువారు అట్టి చీటి వ్రాయవలసిన యవసరము లేకుండుగాక.

మహాసభకు వచ్చిన సోదరీసోదరులు, ముఖ్యముగా యువకులు, ఒక సెలవునాడు రాయదుర్గమున మెట్రో రైలెక్కి, అమీరుపేటలో మారి, మహాత్మాగాంధి బస్సుస్టేషనున దిగి, మూసీయొడ్డునగల ఆ ప్రదర్శనశాలకు పోవుదురుగాక. గడియారము గంట కొట్టువేళకు పిల్లలను ముందు కూర్చుండబెట్టుదురుగాక. పిమ్మట రెండు మొగముల ప్రతిమ కడకు పోయి, పేరు తెలియని ఆ తోటిపనివానికి ఒక నమస్కార మొనర్తురుగాక. వాని దేశము వేరు, భాష వేరు, మతము వేరు. ఉలి మాత్రము మనదే. వాని పనిని కాపాడి మన నగరమునకు విడిచిపోయిన సాలార్జంగు నవాబుగారికిని ఆ నమస్కారమున సగపాలు చెందును.

విశ్వకర్మ భగవానుడు మన చేతులకు పనియు, మన పనికి పేరును ప్రసాదించుగాక.